బొమ్మ గనిలో లేని దారి

మా మేనమామ ఓదెలు బెల్లంపల్లి బొగ్గు గనిలో పనిచేసి రిటైరైనవాడు. చెయ్యి తిరిగిన మనిషే గానీ, మనసు నొచ్చే సంగతి ఏది ఎదురైనా కనబడకుండా కప్పేసేవాడు.

ఒక ఏడు గని భద్రతా వారోత్సవాల ప్రదర్శన కోసం ఆయన భూగర్భ గని నమూనా చేశాడు. చెక్కపెట్టెలో మట్టి మెత్తి, బొగ్గుపొడి అద్ది, ఒక పక్క తెరిచి ఉంచాడు. లోపల సన్నని దారులు, పైకప్పు కూలకుండా నిలిపిన అగ్గిపుల్లల గుంజలు, బొగ్గు మోసే బుల్లి టబ్బులు, వాటిని లాగే నల్లదారాలు. పైన గని దగ్గరి మైసమ్మ తల్లి గుడిని కూడా మరవలేదు. చూసినవాళ్లు "అచ్చం మన గనే!" అని మురిసిపోయేవారు.

ప్రదర్శన రోజు పొద్దున్నే రాజవ్వ తన మనుమరాలిని వెంటబెట్టుకుని వచ్చింది. ఆమె భర్త మొండయ్య, మామయ్య ఒకే జట్టులో పనిచేసేవారు. ఒకనాడు పైకప్పు కూలి మొండయ్య లోపలే ఉండిపోయాడు. మనిషిని బయటికి తేలేక ఆ దారిని గోడ కట్టి మూసేశారు. ఆ రోజుల్లో ఆడవాళ్లు గనిలోకి దిగేవారు కాదు. రాజవ్వ ఆ చోటు ఎన్నడూ చూడలేదు.

"ఓదెలన్నా, మా రవళికి వాళ్ల తాత ఉన్న జాగ చూపిద్దామని తోలుకొచ్చిన. యాడున్నదే?" అంది.

మామయ్య పెట్టె వంక చూశాడు. ఆ దారి ఉండాల్సిన చోట నున్నగా మట్టి మెత్తి ఉంది.

"అది... పెట్టెల పట్టలేదు చెల్లె," అన్నాడు.

"ఇన్ని టబ్బులు పట్టినయి గద తాతా?" అంది రవళి.

"ఊకో పిల్లా! తాతకు తెల్వదా?" అని రాజవ్వ కొంగు సర్దుకుని చేతులు జోడించింది. ఎటు తిరగాలో తెలియక పెట్టె ముందు అటూ ఇటూ చూసింది. "అయితే యాడ మొక్కాలె అన్నా?" అని మెల్లగా అడిగింది.

ఆ మాటకు మామయ్య నిలువునా కరిగిపోయాడు. మూసేసిన దారిని గని పటంలోంచి ఎన్నడూ చెరపరు. అలాంటి దారుల్లో నీళ్లు ఊరి నిండుతాయి. తెలియక ఎవరైనా అటు తవ్వితే ముంచేస్తాయి. కొత్తగా వచ్చిన పనివాళ్లకు ఆ సంగతి నేర్పింది ఆయనే.

"పట్టక కాదు చెల్లె. నేను చూడలేకనే పెట్టలే," అంటూ కత్తి అందుకున్నాడు.

"అయ్యో, ఆఫీసర్లు వచ్చే యాళ్లకు ఖరాబు చేస్తవా?"

"కానియ్యి."

మట్టి కోస్తుంటే పక్కనున్న గుంజలు రాలాయి. పైన బీట వారింది. ఆయన ఆగలేదు. ఆ దారి తొలిచి, చివర పెంకు ముక్కలతో చిన్న గోడ కట్టాడు. రాజవ్వ ఆ గోడను వేలితో తాకి కళ్లకు అద్దుకుంది. "ఇన్నేండ్లకు నీ దగ్గరికొచ్చిన," అంది, తన మొండయ్యతో.

అంతలో వచ్చిన అధికారి బీటను చూసి, "అరె, పగిలిపోయిందే!" అన్నాడు.

"అక్కడ మా మొండయ్య ఉన్నడు సార్," అన్నాడు మామయ్య.

బహుమతి మరొక నమూనాకు వెళ్లింది. కానీ చూడవచ్చిన కార్మికులు మాత్రం ఒక్కొక్కరే చెప్పులు విడిచి, ఆ పెట్టె దగ్గరికి వచ్చి తల వంచారు. మామయ్య కూడా వారి వెనక నిలబడి, మొదటిసారి అందరి ముందూ ఏడ్చాడు.

తలుచుకుంటే బాధ కలుగుతుందని పోయినవారి చోటును చెరిపేయకూడదు. ఉన్నవారు చేతులు జోడించడానికి ఆ చోటే దిక్కు.