గుసగుసల ఇంటికి పాట వచ్చిన కథ

అనగనగా ఒక ఊళ్ళో రాజూ లేడు, రాణీ లేదు, కోటా లేదు. రైలుగేటు పక్కన ఒక బన్నుల బట్టీ ఉంది. ఆ చెవిలోవి తీసి పక్కన పెట్టవే బంగారూ, ఇవాళ వాటి కథే చెబుతున్నాను. ఊ కొట్టడం మర్చిపోయావో, నేనూ కథ మర్చిపోతాను. ఆ తర్వాత నీ ఇష్టం.

ఆ బట్టీలో గవర్రాజని ఒకడు పనిచేసేవాడు. ఊరంతా పడుకున్నాక అతను పిండి పిసికేవాడు. తెల్లారేసరికి బన్నులూ రొట్టెలూ ఊళ్ళోకి పంపించేసి, ఇంటికొచ్చి పడుకునేవాడు. మన పగలు అతనికి రాత్రన్నమాట.

ఇల్లంటే ఎంత ఇల్లనుకున్నావు! ఒక్క గది, ముందు ఒక వరండా. రెంటికీ మధ్య తలుపైనా లేదు, పాతచీర తెర కట్టుకున్నారు. గదిలో గవర్రాజు పడుకుంటే, వరండాలో వాళ్ళమ్మ వెంకాయమ్మా, పెళ్ళాం మంగతాయారూ కూర్చునేవాళ్ళు. గవర్రాజుది కోడినిద్ర. చీమ చిటుక్కుమన్నా లేచిపోతాడు. లేచాడా, మళ్ళీ కన్ను మూతపడదు. అందుకని ఆ ఇంట్లో పొద్దున్నించి సాయంత్రం దాకా అన్నీ గుసగుసలే. ఉప్పెక్కడుందని గుసగుస. పాలు వచ్చాయని గుసగుస. దగ్గొస్తే నోరు మూసుకుని వీధిలోకి పరుగు. ఊళ్ళోవాళ్ళు దానికి గుసగుసల ఇల్లని పేరే పెట్టేశారు.

మంగతాయారు పుట్టింది పూలతోటలో. అక్కడ పువ్వు కోసినా పాటే, మొక్కకి నీళ్ళు పెట్టినా పాటే. మేనత్తలూ పిన్నులూ ఒకరు అందుకుంటే ఒకరు వదలరు. అలాంటి పిల్ల వచ్చి ఈ ఇంట్లో పడింది. మధ్యాహ్నం బుట్టెడు మల్లెమొగ్గలు వస్తాయి. పొద్దువాలే లోపు దండలు కట్టేసి బేరానికి పంపాలి. చేతులేమో పూల మీద, నోరేమో కుట్టేసినట్టు. ఒక మనిషి గొంతు చెవిన పడక ఆ పిల్లకి దిగులు పట్టుకుంది.

అందుకని ఫోనులో చిన్నగా పాట పెట్టుకుని, దాన్ని పమిటచెంగులో చుట్టుకుని, చెవి దగ్గర ఆనించుకునేది. ఎంత చుడితే మాత్రం, పాట ముసుగేస్తే ఆగుతుందా? తెర అవతల గవర్రాజు ఇటు దొర్లేవాడు, అటు దొర్లేవాడు. పాపం, పెళ్ళాన్ని మాత్రం ఒక్క మాట అనేవాడు కాదు.

అప్పుడు ఒకనాడు ఏమైందీ... నిద్ర చాలక గవర్రాజు బట్టీ ముందు తూలాడు. ఎర్రగా కాగిన ఇనప పళ్ళెం తగిలి మణికట్టు కాలింది. బట్టీ యజమాని చూసి, "ఇంకోసారి ఇలా తూలితే నిన్ను నిప్పు దగ్గర ఉంచలేనయ్యా, నీకేమైనా అయితే మీ అమ్మకి నేనేం చెప్పుకోను?" అన్నాడు. మంచివాడే. అయినా మాట మాటే కదా.

చేతికి కట్టుతో మొగుడు ఇంటికొస్తే మంగ చూసింది. ఫోను తీసుకెళ్ళి బట్టల పెట్టెలో అడుగున పెట్టేసింది. ఆ తర్వాత పాటల్లేవు, కబుర్లు లేవు. గవర్రాజు హాయిగా పడుకున్నాడు. చెయ్యీ మానింది. కానీ మంగ ముఖం వాడిపోయింది. దండలు వదులైపోయాయి. అన్నం పెడితే తినేది, పిలిస్తే పలికేది, అంతే. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం అన్నట్టయింది ఆ ఇంటి పని.

మొగుడు వెళ్ళాక సాయంత్రం పాడుకోవచ్చుగా అంటావా? అమ్మదొంగా, ఊ కొట్టమంటే ప్రశ్నలు వేస్తున్నావే! పగలంతా నోరు కట్టేసుకున్నదానికి దీపాలు పెట్టాక పాట రమ్మంటే రాదే. అలవాటు తప్పిపోతుంది.

అది వెంకాయమ్మకి బాగా తెలుసు. ఆవిడ పెద్ద మాటకారి కాదు. చెవులకి బరువైన బుట్టకమ్మలు, వాటికి మాటీలు. మాటీలంటే తెలుసుగా, నా పెట్టెలో చూశావు, బుట్టకమ్మ నుంచి చెవి మీదుగా జుట్టులోకి వెళ్ళే గొలుసు. ఆ మాటీలు సర్దుకుంటూ కోడలి వంక చూసి, "పాట మానకే అమ్మాయ్, మానితే మళ్ళీ రాదు," అని మాత్రం అంది. అదీ గుసగుసగానే!

ఆ తర్వాత వెంకాయమ్మ సంతకెళ్ళింది. అక్కడ ఒకడు దువ్వెనలూ, పిన్నీసులూ, ఇయర్‌ఫోన్లూ అన్నీ ఒకే గొడుక్కి వేలాడదీసి అమ్ముతున్నాడు. "ఇది పెట్టుకుంటే పాట తేనెలా కారుతుంది మామ్మగారూ!" అన్నాడు. పెద్దావిడ చెవిలో పువ్వు పెట్టాడన్నమాట. ఆవిడ మురిసిపోయి కొని తెచ్చింది. మంగ పెట్టుకుంది. ఓర్నాయనో! గట్టి ప్లాస్టిక్కు. చెవిలో చింతగింజ కుక్కుకున్నట్టుంది. పాటేమో గ్లాసులో పడ్డ జోరీగ. ఒక దండ అయ్యేసరికి చెవి ఎర్రగా కందిపోయింది. అత్తయ్య ఇష్టంగా తెచ్చిందని ఆ పిల్ల పళ్ళు బిగించి నవ్వింది కానీ, వెంకాయమ్మకి కళ్ళు లేవా? తనే లాగి అవతల పడేసింది.

అప్పుడు గవర్రాజు పట్నం వెళ్ళాడు. అద్దాల కొట్లో అన్నిటికంటే ఖరీదైనవి పట్టుకొచ్చాడు. పెట్టె చూస్తే నగల పెట్టె. మంగ పెట్టుకోగానే లోకం మొత్తం మూతపడిపోయింది. పాట బ్రహ్మాండంగా ఉంది, కాదనను. కానీ పెద్ద రబ్బరు బిరడా చెవిలో దిగేసరికి లోపల గుయ్యిమంటోంది. తన నోట్లో వక్క పలుకు తనకే రోకటిపోటులా వినిపిస్తోంది. పొయ్యి మీద పాలు పొంగాయి, తెలీలేదు. వెంకాయమ్మ మంచినీళ్ళడిగింది, వినపడలేదు. పాలమాడు వాసనకి గవర్రాజే లేచి పరిగెత్తుకొచ్చాడు. పైగా దాని ధర తల్చుకుని మంగకి పాట వంటబట్టలేదు. "ఏవండీ, మీరు నిప్పు దగ్గర నిలబడి సంపాదించింది నా చెవిలో పెట్టుకుని కూర్చోలేనండీ," అంది. కొట్టు యజమాని సణుక్కుంటూ వాటిని వెనక్కి తీసుకున్నాడు.

ఊ... నిద్రొస్తోందా? ఇంకా మూడోది ఉందే.

ఆ తర్వాత మంగ తనే బయల్దేరింది. రైలుగేటు దగ్గర జరీనా అని ఒక అమ్మాయి ఫోన్లకి తొడుగులూ తీగలూ అమ్ముతుంది, చిన్న డబ్బా కొట్టు. జరీనా ముందు వస్తువు చూపించలేదు. మంగ చెవి చూసింది. "అక్కా, చెవిలోది మూడు పనులు చెయ్యకూడదు. నొప్పి పెట్టకూడదు, జారకూడదు, పర్సు కొరక్కూడదు," అంది. అప్పుడు ఒక మామూలు జత తీసింది. మరీ చవకా కాదు, మరీ ప్రియమూ కాదు. దానితో పాటు చిన్నవి, నడిమివి, పెద్దవి అని మెత్తటి రబ్బరు టోపీలు వచ్చాయి. చిన్నవి శుభ్రంగా తుడిచి పెట్టింది. "తల ఊపు అక్కా," అంది. ఊపింది. "ఏదైనా నములు," అంది. నమిలింది. "ఇప్పుడు నవ్వు," అంది. ఎన్నాళ్ళో అయింది కదా, మంగకి నవ్వడానికి కాస్త టైము పట్టింది. నవ్వగానే కుడిచెవిలోది ఊడిపడింది! "అదిగో, చూశావా, నీ రెండు చెవులూ ఒకటి కాదక్కా," అని జరీనా కుడిచెవికి నడిమి టోపీ వేసింది. ఎడమదానికి చిన్నదే ఉంచింది. అమ్మయ్య! ఉన్నట్టే లేదు, పాట మాత్రం ఉంది.

మంగ ఎగురుకుంటూ ఇంటికొచ్చింది. పూలబుట్ట ముందేసుకుని కూర్చుంది. ఒక చెవికి పాట, ఒక చెవి ఇంటికి, అలా ఒక్కటే పెట్టుకుంది. పాలు పొంగితే తెలియాలి కదా మరి. అంతా బాగానే ఉంది. పువ్వు కోసం వంగింది, టప్. ఊడిపడింది. మళ్ళీ పెట్టుకుంది. దారం కోసం వంగింది, టప్. కొట్లో నిటారుగా నుంచుంది, ఇంట్లో వంగి కూర్చుంది, అదీ తేడా. వంగినప్పుడల్లా తీగ బరువు చెవిని కిందికి లాగేస్తోంది. మూడోసారి ఊడేసరికి ఆ పిల్లకి కళ్ళనీళ్ళు తిరిగాయి. "నా చెవికి పాట రాసిపెట్టి లేదు అత్తయ్యా," అని తీగ చుట్టేసింది.

వెంకాయమ్మ తీగని చూసింది. కోడలి చెవిని చూసింది. అప్పుడు తన మాటీ పట్టుకుని చూసుకుంది. ఉన్నట్టుండి పకపకా నవ్వబోయి, నోట్లో కొంగు కుక్కుకుంది.

"పిచ్చిదానా, ఈ మాటీ దేనికి పెట్టుకుంటామే? బుట్టకమ్మ బరువు చెవితమ్మె మీద పడకుండా పైనుంచి పట్టుకోడానికే కదా! నీ తీగకీ అదే చెయ్యి."

అంటూ తీగని కిందికి వదలకుండా చెవి మీదుగా పైకి తిప్పింది. చెవి వెనకనించి మెడ మీదికి దించి, జడ కిందికి పోనిచ్చింది. అచ్చం మాటీ పెట్టినట్టు. "వంగు," అంది. మంగ వంగింది. "పక్కకి వాలు," అంది. వాలింది. ఊడలేదు, కదల్లేదు, నొప్పీ లేదు. తెర అవతల గవర్రాజుకి సంగతే తెలీదు, గురక పెడుతున్నాడు.

ఆ వేళ మంగ కట్టిన దండలు చూడాలి! మొగ్గకి మొగ్గ అతుక్కుని కూర్చుంది. సాయంత్రానికి మూడు మూరలు విడిగా తీసిపెట్టింది. మనవాళ్ళకి మేలు చేసినవాళ్ళతో ఏం మాట్లాడాలో తెలీదే, మూర పూలిస్తారు. ఒక మూర తీసుకెళ్ళి జరీనాకిచ్చింది. ఒక మూర గవర్రాజు సైకిలు హ్యాండిలుకి చుట్టింది. ఆ రాత్రి బట్టీలో అందరూ అతన్ని ఒకటే ఆటపట్టించారట.

మూడో మూర అత్తయ్య చేతిలో పెట్టింది. వెంకాయమ్మ వాసన చూసి, "ఈ వయసులో నాకు పూలెందుకే అమ్మాయ్," అంది. "ఇవ్వాలనుంటే, ఆ పాట ఒకసారి నాకివ్వు," అంది.

మర్నాడు మధ్యాహ్నం మంగ ఆ పొట్లంలో మిగిలిన పెద్ద టోపీలు తీసి తొడిగింది. అత్తయ్య రెండు చెవులకీ పెట్టింది. తీగని మాటీ పక్కనించే పోనిచ్చింది. ఎవరిదో పాత జోలపాట పెట్టింది. వెంకాయమ్మ కళ్ళు మూసుకుంది. తల ఆడించింది. పెదాలు కదిపింది. ఆ తర్వాత, చెవుల నిండా పాట ఉన్నవాళ్ళకి తమ గొంతు ఎంత పైకి లేచిందో తెలీదు కదూ, గొంతెత్తి పాడేసింది!

"పాలవెల్లి దిగివచ్చె పాప నిద్దరకీ,
పూలపల్లకి వచ్చె పొద్దు నిద్దరకీ..."

గవర్రాజు లేస్తాడు, రాత్రి నిప్పు దగ్గర తూలతాడు! ఆపుదామని మంగ చెయ్యి చాచింది. అప్పటికే తెర తొలిగింది. గవర్రాజు నుంచుని ఉన్నాడు. వద్దని చేత్తో సైగ చేశాడు.

ఎందుకో తెలుసా? అతను పుట్టాక తల్లి గొంతెత్తి పాడగా విన్నది అదే మొదటిసారి. వాళ్ళ నాన్నదీ ఆ బట్టీలోనే పని. ఆయనా పగలే పడుకునేవాడు. ఆయన నిద్ర చెడకూడదని ఈవిడ కాపరానికొచ్చిన కొత్తలోనే పాట మింగేసింది. కొడుక్కి జోల కూడా గుసగుసగానే పాడింది.

గవర్రాజు వచ్చి తల్లి పక్కన చాప మీద, కాలిన మచ్చ ఉన్న చెయ్యి తలకింద పెట్టుకుని పడుకున్నాడు. పడుకుని, నిద్రపోయాడు! చీమ చిటుక్కుమంటే లేచేవాడు, అంత పాటలో గురక పెట్టాడు. వెంకాయమ్మ కళ్ళు తెరిచి చూసి గతుక్కుమని గొంతు తగ్గించింది. అతను కదిలాడు. భయంభయంగా మళ్ళీ ఎత్తుకుంది. సర్దుకుని పడుకున్నాడు.

పాట అయ్యాక ఆవిడ చెవిలోవి తీసి కోడలి చేతిలో పెట్టింది. "నాకీ తీగ దొరకలేదే. నాలాగే నువ్వూ మింగేస్తావేమోనని హడలిపోయాను. నా గొంతు నాకు తెచ్చిచ్చావు తల్లీ, చల్లగా ఉండు," అంది. "మాటీ చూపించింది మీరు కాదూ అత్తయ్యా," అని మంగ ఆవిడ ఒళ్ళో తలపెట్టుకుని ఏడ్చేసింది. సంతోషంతోనేలే, నువ్వు ముక్కు ఎగబీల్చకు.

ఆ తర్వాత అత్తకి పాడాలనిపించిన రోజు అత్త పాట, లేనిరోజు మంగ చెవిలో పాట. గవర్రాజు మళ్ళీ ఎప్పుడూ నిప్పు ముందు తూలలేదు. ఆ ఇంటికి గుసగుసల ఇల్లన్న పేరు మాత్రం పోలేదు. ఊళ్ళోవాళ్ళకి పేరు పెట్టడమే వచ్చు, తియ్యడం రాదు.

బట్టీలో బన్ను పొంగింది,
బుట్టలో మల్లె నవ్వింది,
మాటీ పక్కన తీగ పాకింది,
అత్త గొంతు విచ్చుకుంది,
కొడుకు కన్ను మూసుకుంది,
కథ కంచి రైలెక్కేసింది,
మనకి ఇంట్లో నిద్దరొచ్చేసింది.