మిద్దెమీది కొస

కంప్యూటరు వెనక వైరు గుచ్చే చోట ఆవగింజంత పచ్చదీపం ఒకటి ఉంటుంది. అది వెలిగితేనే లైను ఉన్నట్టు. దాని కోసం చూసి చూసి దస్తగిరికి కళ్లు కాయలు కాచాయి. అది మాత్రం వెలగలేదు.

ఆ రోజు అతని కూతురు గౌసియాకు నలభయ్యో నాటి ఫాతెహా, పోయినవాళ్ల కోసం చదివే ప్రార్థన. బడికి పోతూ వస్తూ ఉన్న పిల్ల, జ్వరం తగిలి పోయింది. తల్లి మాబున్ని కువైట్‌లో ఒకరింట్లో పనికి ఉంది. బిడ్డను మట్టి చేసిన రోజు ఆమెను పంపలేదు, ఇప్పుడూ పంపలేదు. కనీసం ఫాతెహా అన్నా కళ్లతో చూస్తానని ఏడిస్తే, సాయంత్రం కాసేపు ఫోను చేతికిస్తానని ఆ ఇంటావిడ ఒప్పుకుంది. అది తప్పిపోతే మళ్లీ లేదు. బిడ్డ పోయినప్పటి నుంచి మొగుడూ పెళ్లాం సరిగా మాట్లాడుకున్నది లేదు. ఏం మాట్లాడాలో ఇద్దరికీ తెలియలేదు.

ఫాతెహా చదవాల్సింది దస్తగిరి గురువు కాశింపీరా సామి, ఆయన ఇంట్లోనే. గుట్ట కిందున్న ఆ ఇంట్లో ఫోన్లకు సిగ్నలు అందదు. గురువారం బోధలు దూరాన ఉన్నవాళ్లు కూడా వినాలని శిష్యులు ఎప్పుడో మిద్దెమీద ఒక రూటరు పెట్టించారు. పాతకాలపు పెట్టె, వైరు తగిలిస్తే తప్ప పలకదు. దాన్నుంచి వైరు ఒకటి గోడ వెంట దిగి కింది గదిలో కంప్యూటరుకు చేరుతుంది.

నిన్నటిదాకా అంతా బాగానే ఉంది. ఈ రోజు ఏ తేడా రాకూడదని దస్తగిరి పొద్దున్నే మిద్దెక్కి, రూటరుకున్న వైరును ఒక్క గుంజు గుంజి ఊడబెరికి, దుమ్ము దులిపి, మళ్లీ గుచ్చాడు. అప్పుడు మొదలైంది తేడా. రూటరు ఆర్పి వెలిగించాడు. పైన దీపాలన్నీ కళకళలాడుతున్నాయి, కింద పచ్చదీపం లేదు. పైకెక్కి వైరును అదిమాడు, దిగొచ్చి చూస్తే అదే కథ. కంప్యూటరును ఆర్పి లేపాడు. ఎలుక కొరికిందేమోనని గోడ వెంట వైరంతా వేలితో తడిమాడు. వీధి చివరికి పరుగెత్తి కంపెనీకి ఫోను చేస్తే, మీ కాల్ మాకు ఎంతో విలువైనదని ఒక ఆడగొంతు చెప్పి, కాసేపు పాట వినిపించి, పాట మధ్యలోనే పెట్టేసింది.

పొద్దు వాలింది. దస్తగిరి కంప్యూటరు ముందు చతికిలబడ్డాడు. సామి, రొట్టె బెల్లం కలిపి చేసిన మలీదా పళ్లెం పక్కన సాంబ్రాణి సర్దుతున్నాడు.

"ఏమైంది అబ్బయా?"

"ఏమీ కాదు సామీ. నాకేదీ కాదు. ఆ పొద్దు బిడ్డ మూలుగుతా ఉంటే తెల్లార్లూ చేతులెత్తి అడిగినా. పలికినాడా? ఈ దీపం మాదిరే. అవతల ఎవరన్నా ఉంటే గదా పలికేకి! ఉండారని మీరు చెప్తే ఇన్నేళ్లు నమ్మినా. ఇంక ఈ చేతులు ఎత్తను. ఫాతెహా మీరే చదవండి. అది కాగానే పోతా. మళ్లా ఈ గడప తొక్కను."

సామి సాంబ్రాణి పక్కన పెట్టి, మోకాలు పట్టుకుని, ఒక్కో మెట్టే ఎక్కుతూ మిద్దెమీదికి పోయాడు.

దస్తగిరి మనసు మరీ విరిగిపోయింది. ఒక్క మాటన్నా అనకుండా పోయాడే. ముసలాయన నడుం వాల్చడానికి పోయాడు కాబోలు, ఇక ఈయన కూడా లేనట్టే అనుకున్నాడు. గోడకు తల ఆనించి కళ్లు మూసుకున్నాడు. ఏడుద్దామంటే ఏడుపు కూడా రాలేదు.

కళ్లు తెరిచేసరికి పచ్చదీపం వెలుగుతోంది.

ఎందుకు వెలిగిందో ఆలోచించే తీరిక లేదు. కంప్యూటరు మోగింది. మాబున్ని ముఖం కనబడింది. ఎవరిదో వంటింట్లో ఒక మూల, తలమీద కొంగు కప్పుకుని నిలబడి ఉంది. మలీదా పళ్లాన్ని, పక్కన మడిచి పెట్టిన గౌసియా గౌనును చూసింది. చూస్తూ ఉండిపోయింది.

"సామీ, లైనొచ్చింది! దిగి రాండి!"

మిద్దెమీది నుంచి గొంతు వచ్చింది. "నువ్వు చదువు."

"నేనా? చెప్పినా గదా సామీ..."

"ఆ తల్లి నిలబడుకోని ఉంది. చదువు."

దస్తగిరికి ఒళ్లు మండింది. ఇలాంటి రోజున కూడా నాలుగు మెట్లు దిగి రాలేడా ఈ మనిషి?

"నువ్వే చదువయ్యా," అంది మాబున్ని. "మళ్లా నన్ను పనికి పిలుస్తారు. నేనూ చేతులు పట్టినా, చూడు."

ఎత్తనన్న చేతులు ఎత్తాడు. సగంలో ఆగిపోయాడు. అతను ఆగినచోట మాబున్ని అందుకుంది. మధ్యలో ఆమె బొమ్మ ఒకటి రెండుసార్లు వణికి, పోతుందేమో అనిపించి, మళ్లీ నిలిచింది. చివర బిడ్డ పేరు దగ్గరికి వచ్చేసరికి ఇద్దరూ భోరున ఏడ్చారు. బిడ్డ పోయాక ఇద్దరూ కలిసి ఏడవడం అదే మొదలు.

"పెట్టేయొద్దు, ఒక్క నిమిషం ఉండు," అని దస్తగిరి కళ్లు తుడుచుకుని మెట్లెక్కాడు. సామిని గట్టిగా నాలుగు మాటలు అడుగుదామనే ఎక్కాడు.

సామి గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. కుడిచెయ్యి పైకెత్తి, గూట్లో ఉన్న రూటరులోకి వైరు కొసను బొటనవేలితో అదిమి పట్టుకున్నాడు. చెయ్యంతా వణుకుతోంది. అది జారకుండా ఎడమచేతిని కింద ఆసరా పెట్టాడు. వైరు కొసను లోపల బిగించి పట్టే చిన్న ప్లాస్టిక్ నాలుక విరిగి ఆయన కాళ్ల దగ్గర పడి ఉంది. అది లేకపోతే వైరు తన బరువుకు తానే జారిపోతుంది. పొద్దున గుంజినప్పుడు టప్పుమన్న చప్పుడు దస్తగిరికి ఇప్పుడు గుర్తొచ్చింది.

దస్తగిరి ఆయన చేతిని అందుకోబోయాడు. సామి తల అడ్డంగా ఊపాడు.

"ఆ తల్లి ఇంకా లైన్లో ఉందా?"

"ఉంది సామీ."

"అయితే కిందికి పోయి మాట్లాడు. నేనీడనే ఉండా."