ఆకుతడి అమ్మవారు వెలసిన వైనం

గోదావరికి ఎగువన, జీలుగు చెట్ల గూడెం దాటి కాలిబాట పట్టుకొని కొండెక్కితే ఆకుతడి అమ్మవారి సన్నిధి వస్తుంది. గోపురం లేదు, గర్భగుడి లేదు. విగ్రహం ఎక్కడని పూజారిని విసిగించవద్దని భక్తులకు మనవి. పాపం, ఆయన ఇప్పటికే చెప్పి చెప్పి అలసిపోయారు. ఊటకు పైనున్న తలగట్టు మీద చెట్ల కింద మోకరిల్లి, రాలిన ఆకులు పక్కకు తీసి, అడుగున చేతికి తగిలే తడిని కళ్లకద్దుకోవాలి. ఆ తడే అమ్మవారు.

పూర్వం ఇక్కడి కొండరెడ్ల గూడేనికి పోతురెడ్డి అనే ఆయన పెద్దకాపుగా ఉండేవాడు. గూడెం మంచిచెడ్డలన్నీ పెద్దకాపు చేతిలోనివే. మాట ఇస్తే తప్పడు, తప్పు చేస్తే ఒప్పుకోడు, అదీ మనిషి. ఆయన కాలంలో వానలు వేళ తప్పాయి. కురిస్తే కొండ కొట్టుకుపోయేటట్టు కురిసేవి, లేకుంటే నెలల తరబడి మబ్బు జాడే ఉండేది కాదు. పోడు చేలల్లో జొన్న మాడిపోయింది. జనానికి మామిడి టెంకలే దిక్కయ్యాయి. టెంకలోని జీడిని దంచి, బుట్టకెత్తి, పారే నీటి కింద రోజుల తరబడి ఉంచితే గాని దాని విషం వదలదు. ఆ తరువాతే అంబలి కాచుకోవాలి. ఊట పారితే అది తిండి, పారకపోతే చావు.

ఆ ఊటే సన్నగిల్లసాగింది. తలగట్టు మీద చెట్టు కొట్టకూడదన్నది తాతలనాటి కట్టడి. పోతురెడ్డి దానిని తోసిపుచ్చాడు. "నీళ్లన్నీ ఆ మానులే తాగేస్తున్నాయి. పడగొడితే ఊట పెరుగుతుంది, ఆ బూడిదలో సామలూ చల్లుకోవచ్చు" అన్నాడు. ఆకలి మీదున్న జనం గొడ్డళ్లు పట్టారు. గట్టులో ఒక పక్కంతా నరికి, రాలిన ఆకులతో సహా తగలబెట్టారు. ఊట పెరగలేదు సరికదా, బుట్ట మీద పడే ధార మరీ బక్కచిక్కిపోయింది.

ఒకనాటి వేకువన పోతురెడ్డికి కలలో సగం తల గొరిగిన ముసలమ్మ కనబడింది. మిగిలిన జుట్టు కొసల నుంచి నీళ్లు కారుతున్నాయి. "ఇదీ గొరిగేస్తావా, నాయనా?" అని మాత్రం అడిగింది. ఆయన ఉలిక్కిపడి లేచాడు. కల సంగతి చెబితే, చేసింది తప్పని నలుగురిలో ఒప్పుకోవాలి. చెప్పలేదు. గొడ్డలి భుజాన వేసుకొని, గూడెం వాళ్లను వెంటబెట్టుకొని గట్టెక్కాడు. ఎంత మొండితనమో చూడండి!

వెనకాలే కోడలు పుల్లమ్మ అంబలి ముంతతో వచ్చింది.

"జీడి సరిగ్గా నానలేదు మావా, ధార చాలడం లేదు. ఇంకో చెట్టు పడితే ఆ కాస్తా ఉండదు."

"నీకేం తెలుసే? చెట్టు పడితేనే నీళ్లొస్తాయి. ఇంటికి పో."

"పోతాను. పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. ఈ అంబలి వాళ్లకు పొయ్యమంటావా? పెద్దకాపువి, నువ్వే చెప్పు."

పొయ్యమంటే మనవల ప్రాణం, వద్దంటే తన పరువు. వచ్చినవాళ్లంతా గొడ్డళ్లు దించి ఆయన నోటివైపే చూస్తున్నారు. "పొయ్యి. ఏం కాదు" అన్నాడు పోతురెడ్డి.

"అయితే ముందు నేను తాగుతాను" అని పుల్లమ్మ ముంత ఎత్తింది. బెదిరిస్తోంది, పారబోస్తుందిలే అనుకున్నాడాయన. అడుగంటా తాగి, మూతి తుడుచుకొని, అక్కడే చెట్టు మొదట కూలబడింది. పోతురెడ్డి పక్క మానుకు వేటు వేశాడు గాని, కళ్లు మాత్రం కోడలి మీదే ఉన్నాయి. ఎండ నడినెత్తికి రాకముందే ఆమె కడుపు పట్టుకొని మెలికలు తిరిగింది. వాంతులయ్యాయి. నాలుక పిడచగట్టుకుపోయింది. "నీళ్లు" అంది.

ఆయన ఊట దగ్గరికి పరుగెత్తాడు. రాయి ఎండిపోయి ఉంది. బుట్ట పైన చుక్క లేదు. అమ్మో, నా ఇంటి దీపాన్ని నేనే ఆర్పుకున్నానే అని పెద్దపెట్టున ఏడుస్తూ మళ్లీ గట్టెక్కాడు. నరికిన పక్క పెళ్లగించి చూస్తే దుమ్ము లేచింది. ఇవతల, తాను అప్పుడే వేటు వేసిన మాను కింద, ఆకుల దొంతర చీల్చుకొని చేతులు లోపలికి పోనిచ్చాడు. చల్లగా తగిలింది. మాగిన ఆకును గుడ్డలో పోసి పిండాడు. చుక్క పడింది. ఆ చుక్కలనే పుల్లమ్మ నోట్లో పడేస్తూ, "కలలో తల్లి వచ్చి అడిగింది. నేనే దాచాను. తప్పు నాదే, తప్పు నాదే" అని అందరూ వినేలా అరిచాడు. గూడెమంతా గొడ్డళ్లు వదిలేసి ఆకు పిండింది. పొద్దు వాలేవేళకు ఆమె కళ్లు తెరిచింది.

ఊట మాత్రం వెంటనే రాలేదు. అమ్మవారు అంత తేలిగ్గా దిగివస్తుందా! ఆ ఏడంతా దూరపు వాగు నుంచి నీళ్లు మోసుకున్నారు. బోసి గట్టు మీద తట్టలతో ఆకు పరిచారు, మోళ్ల మీద వచ్చిన చిగుళ్లను మేకలు కొరకకుండా కాపలా కాశారు. పిల్లలు పెద్దవాళ్లయ్యేనాటికి ధార మళ్లీ బుట్ట నిండా పడింది.

నేటికీ వేసవిలో ఇక్కడ జీడి అంబలి కాస్తారు. తొలి ముంత ఆడవాళ్లు ముట్టరు; పెద్దకాపే తాగాలి. తాగి, పొద్దు వాలేదాకా అందరి ముందూ కూర్చోవాలి. పిల్లలు దొప్పలు పట్టుకొని ఎదురుచూస్తారు. ఆ సమయంలో భక్తులు దయచేసి మాట్లాడవద్దు. ఆయన లేచి, "రండర్రా" అని పిలిచినప్పుడే పిల్లలకు వడ్డన. ఆ పంక్తిలో అంబలి తాగిన ఇంట నీటికి కరువు రాదని నమ్మకం.

తలగట్టు మీద చెట్టు కొట్టాలనుకునేవారికీ ఒక వీలు ఉంచారు. నానని జీడితో కాచిన అంబలి ముందుగా ఒక ముంతెడు తాగాలి. ఇంతవరకు ఎవరూ అడగలేదు.