ఉప్పు తెలియని నోరు

రేవుపాలెంలో కొర్లమ్మ అనే ఆమె ఉండేది. చేపల పులుసు వండడంలో ఆమెను మించినవాళ్ళు లేరు, ఎవరి మాటా వినకపోవడంలోనూ లేరు. ఆమెకు అడ్డచుట్ట అలవాటు. అంటే నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని తాగే చుట్ట అన్నమాట! సముద్రపు గాలికి నిప్పు ఆరకుండా ఎవరో మొదలుపెట్టారట, ఆ ఊరి పెద్ద ఆడవాళ్ళందరికీ అదే అంటుకుంది. ఎవరైనా వద్దంటే చాలు, "మా అమ్మ తాగింది, మా అమ్మమ్మ తాగింది. ఊరంతా సెడిపోనాదేటి?" అని కొర్లమ్మ గయ్యిమనేది.

ఆ ఏడు గంగమ్మ పండగకు ఊరందరికీ వంజరం చేపల పులుసు ఆమే వండింది. రుచి చూసి, "ఉప్పు సాల్నేదు" అని గుప్పెడు వేసింది. ఎందుకైనా మంచిదని పక్కింటి దానమ్మకు చూపించింది. "ఇంకాస్త పడాలొదినా," అంటూ దానమ్మ మరో గుప్పెడు వేసింది. ఇంకో ముసలమ్మ వచ్చి, "ఇదేటే, సప్పగా ఉంది!" అని తన వంతు వేసింది. ముగ్గురివీ అడ్డచుట్ట నోళ్ళే మరి!

అందరూ బంతికి కూర్చున్నారు. మొదటి ముద్దకే మొహాలు వంకర్లు పోయాయి. కానీ పెద్దామెను ఏమనగలరు? నీళ్ళు తాగుతూ మింగసాగారు. కొర్లమ్మ కొత్త కోడలు పైడితల్లి మాత్రం తుపుక్కున ఉమ్మేసింది. ఆమెది మెట్ట ఊరు, చుట్ట వాసన ఎరగని పిల్ల.

"అత్తా, ఇది పులుసు కాదు, ఉప్పు కషాయం!"

"నిన్నగాక మొన్నొచ్చిన గుంటవి, నాకు ఉప్పు నేర్పుతావేటే?" అని కొర్లమ్మ మండిపడింది.

పైడితల్లి బెదరలేదు. గుప్పెడు ఉప్పు తెచ్చి, "నోట్లో వేసుకుని సెప్పత్తా," అంది. కొర్లమ్మ పంతానికి పోయి ఒక ఉప్పు కల్లు వేసుకుంది. చప్పరించింది. ఏమీ తెలియలేదు. ఇంకొన్ని వేసుకుంది. ఊహూ!

"ఓలమ్మో! నా నోటికేటైపోనాదే!"

కోడలు నోరు తెరిపించి చూసింది. అంగిలి తెల్లగా పాలిపోయి, మధ్యలో ఎర్రటి పుండు కనిపించింది. మరునాడే పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళింది. డాక్టరమ్మ పరీక్షలు చేసి, "ఇది ఇంకా పుండే, క్యాన్సర్ కాలేదు. చుట్ట మానకపోతే మాత్రం ప్రాణం మీదకొస్తుంది. తీసుకొచ్చినవాళ్ళకు దండం పెట్టుకో," అంది.

ఇంటికి రాగానే కొర్లమ్మ చుట్టలన్నీ పొయ్యిలో పడేసింది. చుట్ట కోసం నోరు పీకేది, ఊరికే కోపం వచ్చేది. ఆ కోపమంతా కోడలు నవ్వుతూ భరించింది. మందులు వాడగా వాడగా పుండు మానింది. రుచి కూడా మెల్లగా తిరిగొచ్చింది.

మరుసటి పండగకు కొర్లమ్మ పులుసు దించి, మొదటి గరిటె కోడలికి అందించింది. చుట్ట మానేసిన దానమ్మ పక్కనే నిలబడి చూస్తోంది.

"నువ్వు సెప్పమ్మా," అంది కొర్లమ్మ. "నాడు అందరూ మర్యాదకు మింగినారు. నువ్వొక్కదానివే ఉమ్మేసి నన్ను బతికించినావు. ఈ పేనం నీ సలవే తల్లీ!"

పైడితల్లి కళ్ళు తుడుచుకుని, "ఉప్పు సరిపోనాదత్తా," అంది.

నీతి: ఊరంతా చేసినంత మాత్రాన చెడ్డ అలవాటు మంచిదైపోదు; మన మేలు కోరి ఆ మాట మొహం మీద చెప్పినవారికి జన్మంతా రుణపడి ఉండాలి.