తిప్పక్క రాళ్ల వరస

ఇప్పుడున్న దారులు పడకముందు, మీ తాతల తాతలకు పాలపళ్లు రాకముందు, అనగనగా ఎర్రగుట్ట కింద ఒక ఊరు. ఊరి పేరు చిట్లవంక. ఆ ఊళ్లో తిప్పక్క అని ఒకామె ఉండేది. రాళ్లెత్తి కట్టలు కట్టే వాళ్లింట్లో పుట్టింది. ఆ పనిలోనే మొగుడు బండ కింద పడి పోయాడు. పిల్లల్లేరు. ఊరి చిన్న వీధిబడిలో కసువు ఊడ్చి, కుండల్లో నీళ్లు నింపి, ఎవరేది పెడితే అది తిని బతికేది.

ఆ ఊరికి పెత్తందారు నరసప్ప. ఆయనకు ఒకరోజు ఊళ్లో పెద్ద బడి కట్టించాలని బుద్ధి పుట్టింది. మంచిదే. కానీ అది పది ఊళ్లకు కనపడేటట్టు తెల్లగా మెరవాలన్నాడు. మెరవాలంటే సున్నం కావాలి. సున్నం కావాలంటే రాయి కాల్చాలి. రాయి కాల్చాలంటే కట్టెలు కావాలి. మూడు బట్టీలు పెట్టించాడు. గుట్ట మీద తుమ్మలు పోయినాయి. రేలలు పోయినాయి. చండ్రలు పోయినాయి.

బడి లేచింది. బట్టీలు మాత్రం ఆరలేదు. నరసప్ప మిద్దెకు సున్నం కావాలట. ఆయన మామ మిద్దెకు కావాలట. ఆయన బావమరిది మిద్దెకూ కావాలట.

బడికి గుండయ్య అని ఒక అయ్యవారు వచ్చాడు. చెడ్డవాడు కాదు, భయస్థుడు. ఆయన చెప్పిన మొదటి పాఠం చెట్టు పాఠం. "చెట్టే నీడ, చెట్టే గూడు, చెట్టే మనకు తోడు" అని పిల్లలు గొంతెత్తి చదివేవాళ్లు. పైన గుట్ట మీద గొడ్డలి దెబ్బలు. కింద బడిలో చెట్టే నీడ. మిమ్మల్ని నవ్వించడానికి చెప్పడం లేదు నేను. చెప్తుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

తిప్పక్క తెల్లారగానే బడి అరుగు ఊడ్చేది. ముందు చారెడు ఎర్రమన్ను వచ్చేది. కొన్నాళ్లకు చేటెడు వచ్చింది. ఇంకొన్నాళ్లకు గంపెడు వచ్చింది. ఆ మన్ను ఎక్కడిదో ఆమెకు తెలుసు. చీపురు పక్కన పెట్టి అయ్యవారి దగ్గరికి పోయింది.

"అయ్యవారూ, పిల్లోళ్లను ఒక్కసారి గుట్ట కాడికి పిల్చుకపోండి. గుట్ట కరిగి కిందికి వస్తాంది. వాళ్లకు సూపించండి."

"పద్యాలింకా నోటికి రాలేదు తిప్పక్కా. అవి కానీ, చూద్దాం."

వానలు మొదలైనాయి. మళ్లీ పోయింది.

"అయ్యవారూ, పిల్లోళ్లను ఒక్కసారి గుట్ట కాడికి పిల్చుకపోండి. వంకలో నీళ్లు నెత్తురు మాదిరి పోతాండాయి."

"నరసప్పగారు పరీక్ష చూడ్డానికి వస్తున్నారు. ఇప్పుడు పిల్లల్ని వానలో తిప్పితే ఆయన ఏమంటారు?"

పరీక్ష రోజు వచ్చింది. నరసప్ప కుర్చీలో కూర్చున్నాడు. పిల్లలు వరసగా నిలబడి చెట్టు పాఠం ఒప్పజెప్పారు. ఆయన మీసం తిప్పి మెచ్చుకున్నాడు. అప్పుడు తిప్పక్క లోపలికొచ్చింది. ఒక చేతిలో గడ్డి వేళ్లున్న మన్నుపెళ్ల, ఇంకో చేతిలో ఉత్త మన్నుపెళ్ల.

"అయ్యవారూ, పిల్లోళ్లను ఒక్కసారి గుట్ట కాడికి పిల్చుకపోండి. పెద్దాయన కూడా వస్తే ఇంకా మేలు. రాకుంటే ఇదన్నా సూడండి."

రెండు పెళ్లల మీదా చెంబుతో నీళ్లు పోసింది. గడ్డి ఉన్నది నీళ్లు తాగి అట్లే ఉండిపోయింది. గడ్డి లేనిది కరిగి, ఎర్రగా పారి, తెల్లటి గచ్చు మీదుగా పోయి నరసప్ప చెప్పుల కింద చేరింది.

నరసప్ప లేచాడు. "అక్షరం ముక్క రాని మనిషి నా బడిలో పాఠం చెప్తుందా! ఎవరిది అయ్యా ఈ బడి, నీదా, దీనిదా?"

గుండయ్యకు తెలుసు ఆమె చెప్పింది నిజమని. తెలిసి కూడా తలొంచుకున్నాడు.

"రేపటి నుంచి రావద్దు తిప్పక్కా" అన్నాడు.

పుస్తకంలో చెట్టు తోడు అని చదివితే మార్కు. చెట్టును కొట్టొద్దంటే వెళ్లగొట్టడం. ఇదేం చదువో మీరే చెప్పండి!

తిప్పక్క ఏడవలేదు. గుట్ట ఎక్కింది. వాలుకు అడ్డంగా, మోకాలెత్తున, ఒక్కతే రాళ్లు పేర్చడం మొదలుపెట్టింది. బడి వదిలాక పిల్లలు ఆమె వెంటపడేవాళ్లు. అందరికన్నా ముందు కుమ్మరోళ్ల లింగి.

"అవ్వా, ఈ రాళ్లు ఎందుకు?"

"ఉరికే నీళ్లను నడిపించల్ల. నడిచే నీళ్లను కూర్చోబెట్టల్ల. కూర్చున్న నీళ్లే మన్నులోకి దిగుతాయమ్మా."

లింగి ఒక రాయి తెచ్చిచ్చింది. దాన్ని చూసి అందరూ తెచ్చారు.

మొదటి ఏడు మూడు వరసలు లేచినాయి. ఆ ఏడే వానాకాలం చివర్లో ఒక పెద్ద వాన కొట్టింది. బోడి గుట్ట నీళ్లను నిలపలేకపోయింది. మన్నూ రాళ్లూ కలిసి వంకలోకి దూకి ఊరి మీదకొచ్చినాయి. తెల్ల బడిలో నడుములోతు బురద నిండింది. ఆ పూట బడి లేదు కాబట్టి పిల్లలు బతికారు.

ఊరు ఏం చేసిందో వినండి. కట్టెలు నరికించిన నరసప్పను ఒక్కరూ అడగలేదు. రాళ్లు పేర్చిన తిప్పక్కను అందరూ పట్టుకున్నారు.

"నువ్వే గుట్ట మీద రాళ్లు కదిలించినావు! గుట్టకు కోపం తెప్పించినావు!" అని ఆమె గుడిసె పీకేశారు. కుండలు పగలగొట్టారు.

తిప్పక్క ఒక్కటే మాటంది. "నన్ను తిట్టుకోండి నాయనా. పిల్లోళ్లకు మటుకు అబద్ధం చెప్పొద్దండి."

గుట్ట మీదే ఒక బండ చాటున ఉండిపోయింది. రెండో ఏడు ఇంకో పది వరసలు లేచినాయి. వరసల వెనక మన్ను నిలిచింది, మన్నులో గడ్డి మొలిచింది. మూడో ఏడు గడ్డిలో తుమ్మ మొక్కలు తలెత్తినాయి. అది చూసింది తిప్పక్క. ఆ ఎండాకాలంలోనే ఒక పొద్దున లింగి గంజి తీసుకుని పోయేసరికి, వరసకు ఆనుకుని కూర్చున్నట్టే ఉంది. ఒళ్లు చల్లగా ఉంది. చేతులు రాతి మీద ఉన్నాయి.

ఊళ్లో ఒక్క పెద్దమనిషీ కదల్లేదు. పిల్లలే గొయ్యి తవ్వుతున్నారు. అంతలో గుండయ్య అయ్యవారు వచ్చాడు. పంచె ఎగ్గట్టి, పిల్లల చేతిలో పార అందుకున్నాడు. తవ్వినంతసేపూ ఆయన కళ్లు ఎత్తలేదు.

ఆ ఏడు వాన మొహం చాటేసింది. ఊరి బావులు ఎండినాయి. నరసప్ప పెరటి బావీ ఎండింది. తిప్పక్క వరసల కింద, వంక ఒడ్డున ఒక చెలమ మాత్రం ఊరుతూనే ఉంది. తోడినకొద్దీ ఊరింది. గుడిసె పీకినవాళ్లు బిందెలతో వచ్చారు. కుండలు పగలగొట్టినవాళ్లు కుండలతో వచ్చారు. తాగారు. ఒక్కరి గొంతులోనూ ఆ నీళ్లు అడ్డం పడలేదు!

నరసప్ప కూడా వచ్చాడు, చెక్కిన రాతిపలక ఒకటి మోయించుకుని. దాని మీద ఆయన పేరు.

లింగి చెలమకు అడ్డంగా నిలబడింది. "ఇది మా అవ్వ నీళ్లు. తాగితే తాగు. పేరు మాత్రం పెట్టొద్దు."

నరసప్ప అయ్యవారి వైపు తిరిగాడు. "ఇదేనా నువ్వు నేర్పింది?"

"కాదు. నేను నేర్పకుండా దాచింది ఇది" అన్నాడు గుండయ్య, ఊరంతా వింటుండగా. "ఆమె మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ కాదన్నాను. నా పాఠం తప్పు."

"అయితే నా బడిలో నీకు చోటు లేదు."

"గోడలు మీరు ఉంచుకోండి. పిల్లల్ని నేను తీసుకుపోతాను."

ఆ రోజే బడి గుట్ట వాలుకు మారింది. పిల్లలు ఎక్కాలు రాళ్ల వరసల మీద నేర్చుకున్నారు. చెట్టు పాఠం చెట్టు నాటి చదివారు. వాన పాఠం వానలో తడిసి చదివారు. గుట్ట ఎందుకు కరిగిందో పిల్లలు చెప్తే పెద్దవాళ్లకు తెలిసింది. గొడ్డళ్లు దించారు, బట్టీలు ఆరినాయి. ఇంత ఆలస్యంగా తెలిసింది. ఆమె బతికుండగా తెలిసి ఉంటే ఏం పోయేది?

ఆ సీమలో ఈనాటికీ బిడ్డను బడిలో వేసే రోజు ముందు పలక ఇవ్వరు. గుట్ట ఎక్కించి, బిడ్డ చేత ఒక రాయి వరసలో పెట్టిస్తారు. కొత్తగా వచ్చిన పంతులైనా సరే, పెట్టాకే కుర్చీ. ఆ వరస ఇప్పుడు మూడు గుట్టలు దాటిందట. ఎవరన్నా చెట్టు గురించీ నీళ్ల గురించీ గొంతు చించుకుని ఉపన్యాసం చెప్తే, వెనక నుంచి ఒక ముసలమ్మ అయినా లేచి అడుగుతుంది:

"అదంతా సరే నాయనా, రాయి ఎత్తినావా?"