టోపీకి విషపరీక్ష

అన్యాయం జరిగింది పల్లకి మోసే బోయీ సింగన్నకి. జరిగింది జ్యేష్ఠ శుద్ధ పంచమి, ఆదివారం, మిట్టమధ్యాహ్నం. ఒకానొక రాజ్యంలో ఒక రాజు ఉండేవాడని ఎత్తుకోవడం వాడుక. ఈ కథలోనూ రాజున్నాడు, ఎక్కడికీ పోడు. ముందు దెబ్బతిన్నవాణ్ణి చూద్దాం.

ఆ రాజ్యం పేరు మాణిక్యపురి. అక్కడొక శాసనం ఉండేది. రాజు కంటికి ఆనేంత దూరంలో రాజు తప్ప ఇంకెవరూ తల కప్పుకోకూడదు. కొలువులో కాసేపు నిలబడి దండం పెట్టి పోయేవాళ్ళకి ఇదేం బరువు? బోయీ సంగతి వేరు. వాడు పొద్దస్తమానం రాజు ముందే ఉంటాడు. రోహిణి కార్తెలో కూడా వట్టి నెత్తితోనే నడవాలి.

ఆ ఆదివారం సింగన్న ఓర్చుకోలేక, తను అల్లుకున్న తాటాకు టోపీ నెత్తిన పెట్టుకున్నాడు. గజకేసరి మహారాజు పల్లకి తెర తప్పించి చూశాడు. టోపీ లాగించి తొక్కించాడు. కోటగుమ్మం కూతవేటు దూరం ఉందనగా సింగన్న వడదెబ్బకి కూలబడ్డాడు. పల్లకి ఒరిగి మహారాజు భుజం గీరుకుంది.

గీరుకున్నందుకు శిక్ష పడింది. తెల్లవారి మొదలయ్యే సముద్రస్నానం ప్రయాణంలో ముందు బొంగు సింగన్నే మొయ్యాలి. మారు మనిషి లేకుండా, వట్టి నెత్తితో. వెళ్ళడానికే ఆరు రోజులు.

సింగన్న పెళ్ళాం గంగమ్మ అంతఃపురం పెరటి గుమ్మానికి పరుగెత్తుకొచ్చింది. అక్కడ రాణిగారికి పురాణం చదివి వినిపించే పోలమాంబ ఉంటుంది. రాజుగారి కొలువులోనూ ఆవిడకో పీట ఉంది. ఆవిడ నోటికి జడిసి వేసిన పీట అది.

"మజ్జిగ పోస్తుంటే కక్కేస్తున్నాడక్కా. రేపు బొంగెత్తితే మళ్ళీ ఇంటికి రాడు," అంది గంగమ్మ.

"ఏడవకు. నీళ్ళు తాగించు. ఏ టోపీ ఇచ్చినా పెట్టుకోమని చెప్పు."

"టోపీ ఎవరిస్తారు?"

"రాజే ఇస్తాడు," అంది పోలమాంబ. అంది గానీ ఎలాగో ఆవిడకీ తెలియదు. వసారాలో అటూ ఇటూ తిరిగింది. కూర్చుంది, లేచింది, పుస్తకం తెరిచి మూసింది. ఇంతలో కొలువు నుంచి పిలుపొచ్చింది.

కొలువులో మహారాజు కూడా కుదురుగా లేడు. బంగారు కిరీటం ఎండలకి కాగి నెత్తి కాలుస్తోందట. ప్రయాణానికి చల్లటి టోపీ కావాలన్నాడు. సామంతులు పోటీలుపడి పంపిన టోపీలు సింహాసనం చుట్టూ గుట్టపడి ఉన్నాయి. ఒకటి పెట్టుకుంటాడు, బరువంటాడు. ఇంకోటి, చెవులకి ఉక్కపోస్తోందంటాడు. తోలు టోపీ కంపు, ఉన్ని టోపీ దురద. తాటాకువి కొన్ని ఉన్నాయి గానీ వాటిని కాలితో నెట్టేశాడు.

మంత్రి దివాకరభట్టు ఎర్ర ముఖమల్ టోపీ ఒకటి రెండు చేతులా ఎత్తి పట్టుకున్నాడు. చుట్టూ జరీ, పైన కలికితురాయి.

"ప్రభువుల శిరస్సునకు ఇదియే తగినది. శాస్త్రము ఒప్పుకొనుచున్నది."

భట్టుగారికి తెలియదన్న మాట తెలియదు. ఏది అడిగినా శాస్త్రంలో ఉందంటాడు. లేకపోతే అప్పటికప్పుడు పుట్టిస్తాడు.

"నువ్వేమంటావు పోలమాంబా? ఎలాగూ నీ నోరు ఊరుకోదు," అన్నాడు రాజు.

ఆవిడ గుట్టని ఒకసారి చూసింది. "తమరి పళ్ళెంలో అన్నం ముందు ఎవరు తింటారు ప్రభూ?"

"రుచి చూసేవాడు. విషం ఉంటే తెలియాలిగా."

"పరుపు మీద ముందు ఎవరు పొర్లుతారు?"

"వాడి తమ్ముడు. తేలుంటే తెలియాలిగా."

"మరి ఈ టోపీలు? పంపినవాళ్ళంతా పోయినేడు తమరు పన్ను పెంచినవాళ్ళే."

రాజు నెత్తిమీది టోపీ తీసి దూరంగా పడేశాడు.

పోలమాంబ భట్టు వైపు తిరిగింది. "టోపీ లోపల పూసి, చెమట తగిలితే నెత్తికి పట్టే విషం ఏదైనా ఉందా భట్టుగారూ? ఉంటే తమకే తెలియాలి."

భట్టు గడ్డం నిమురుకున్నాడు. "లేకేమి? స్వేదకాలకూటమందురు. మహా ఘోరమైనది."

"ఎండలో నడిస్తేనా బయటపడేది?"

"ఎండలో నడిచిననే."

"ఎన్నాళ్ళకి?"

భట్టు క్షణం ఆలోచించాడు. తక్కువ చెబితే విషం చిన్నబోతుంది. "ఆరు దినములు."

"అయితే అందరికంటే ఎక్కువ చెమట పట్టేవాళ్ళ నెత్తిన పెట్టి చూడాలి ప్రభూ. బోయీలకి మించినవాళ్ళు లేరు. దారి పొడుగునా పరీక్ష అయిపోతుంది."

"మరి నా శాసనం?"

"రుచి చూసేవాడు తమరితో సమానంగా భోంచేస్తున్నాడని ఎవరైనా అంటారా?"

రాజుకి సబబుగానే తోచింది.

సోమవారం పొద్దున్నే పల్లకి కదిలింది. బోయీల నెత్తిన తలో టోపీ. ముఖమల్ దొరికినవాడు మొదటి మజిలీకే ఉడికిపోయి దాన్ని సామాను బండిలో పడేశాడు. తోలుదీ ఉన్నిదీ మర్నాటికి అక్కడికే చేరాయి. బుధవారానికి అందరి నెత్తినా తాటాకే. సింగన్న మొదటి రోజు తూలాడు, రెండో రోజు నిలదొక్కుకున్నాడు, మూడో రోజు కూనిరాగం తీశాడు.

లోపల రాజు కిరీటం కింద కాలుతున్నాడు. పరీక్ష కాని టోపీ పెట్టుకోడు, కిరీటం తీస్తే పరువు పోతుంది. అటు ఒరిగాడు, ఇటు ఒరిగాడు, తెర ఎత్తాడు, దించాడు. ఎప్పుడు ఎత్తినా కనిపించేది సింగన్న నెత్తే. చుట్టూ జానెడు అంచు, మెడ మీద కూడా నీడ. ఆకుకీ నెత్తికీ మధ్య గాలి ఆడే సందు. గాలికి ఎగిరిపోకుండా గడ్డం కింద నారతాడు.

నాలుగో రోజు మిట్టమధ్యాహ్నం తాళ్ళతోపు దగ్గర పల్లకి ఆపించాడు.

"ఒరే, ఆ టోపీ ఇలా తే."

వెనక బండిలోంచి పోలమాంబ దిగింది. "ఇంకా రెండు రోజులుంది ప్రభూ. స్వేదకాలకూటం."

రాజు భట్టుని పిలిపించాడు. కిరీటం అంచు నుదుటి మీద ఎర్రగా అచ్చు పడి ఉంది. "నిజం చెప్పు. ఆ విషం ఉందా?"

భట్టు ఆకాశం చూశాడు, నేల చూశాడు. "గ్రంథములలో పాఠభేదములు కలవు ప్రభూ."

రాజు అర్థం చేసుకున్నాడు. ముఖం ఎర్రబడింది. "అంటే నేను నాలుగు రోజులు ఊరికే మాడానా పోలమాంబా?"

"తమరు నాలుగు రోజులే మాడారు. పైగా నీడలో, కూర్చుని. సింగన్న ఎండలో, తమరిని మోస్తూ, ఊహ తెలిసినప్పటి నుంచీ మాడుతున్నాడు. ఆ విషం లేదని తేలింది. ఈ విషం శాసనంలో ఉంది."

సింగన్న చెయ్యి గడ్డం కింది తాడు మీదే ఆగిపోయింది.

రాజు కిరీటం తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. నెత్తికి గాలి తగిలింది. ముందు నిట్టూర్చాడు, తరవాత నవ్వాడు, ఆపుకోలేక పల్లకి అదిరేలా నవ్వాడు.

"నీది నువ్వే ఉంచుకో సింగన్నా. నాకింకోటి అల్లు. మెడ మీద కూడా నీడ పడాలి."

సింగన్న తాటాకు కోయించి అల్లాడు. రాజు పెట్టుకున్నాడు. మళ్ళీ తియ్యలేదు.

ముఖమల్ టోపీ పోలమాంబకి బహుమానమైంది. ఆవిడ దాన్ని పిల్లికి పడకగా వేసింది. వేసవిలో పిల్లి కూడా అందులో పడుకోలేదు. ఆవిడ అడిగి పుచ్చుకున్న బహుమానం వేరే ఉంది. తిరిగొచ్చాక కోటగుమ్మం రాతి మీద చెక్కించారు: ఎండలో పనిచేసేవాడి నెత్తిమీది టోపీని రాజు కూడా తీయించరాదు. కింద, రాజు మాట ఇచ్చిన వేళ: జ్యేష్ఠ శుద్ధ నవమి, గురువారం, మిట్టమధ్యాహ్నం.