నక్క చెప్పిన నాలుగు గుర్తులు

వాగు ఒడ్డున సూరప్ప కామందు పశువుల కొట్టం. అందులో గేదె నల్లమ్మకి నోరు పెద్దది, గాడిద సింహాచలానికి ఓపిక పెద్దది, కోళ్ళకి భయం పెద్దది. ఇక కొంగ తెల్లమ్మకి పని పెద్దది. చుట్టుపక్కల పశువులన్నీ కలిసి ఊరట సంఘం ఒకటి పెట్టుకున్నాయి. మనసు బాగోలేనివాళ్ళ మంచిచెడ్డలు కనుక్కు రమ్మని ఆ సంఘమే తెల్లమ్మని పంపింది.

వచ్చిన రోజే తెల్లమ్మ గడ్డివాము ఎక్కి చాటింపు వేసింది. "దిగులుగా ఉందా? నిద్ర పట్టడం లేదా? ఆదివారం పొద్దున వాగు గట్టుకి రండి, చెప్పుకుందాం!"

ఆదివారం ఈగ కూడా రాలేదు.

"ఎలా వస్తామే వెర్రిమొహమా?" అంది నల్లమ్మ మర్నాడు. "ఆ గట్టెక్కినవాళ్ళకి పిచ్చెక్కిందని ఊరు ఊరంతా కోడై కూయదూ?"

తెల్లమ్మకి తల కొట్టేసినట్టయింది. ఆలోచించగా ఆలోచించగా ఒకటి తట్టింది. ఒంటికి పట్టి రక్తం పీల్చే గోమార్లు ఏరించుకోవడానికి కొంగని పిలిస్తే ఎవరికీ నామోషీ లేదు కదా! ఇక ఆ రోజునుంచి ఒక్కొక్కరి వీపూ ఎక్కి గోమార్లు ఏరడం, ఏరుతూ ఏరుతూ చెవి దగ్గరికొచ్చి, "ఒంటి సంగతి సరేనమ్మా, మనసెలా ఉంది?" అనడం. ఏం చెప్పమంటారు! మూట విప్పినట్టు అందరూ చెప్పుకున్నారు. విన్నదంతా తెల్లమ్మ కడుపులోనే దాచుకుంది.

ఎద్దు చుక్కడు మాత్రం నోరు విప్పలేదు. పన్నెండేళ్ళు తనతో ఒకే కాడి మోసిన కర్రెడు ఆ ఎండాకాలంలో పోయాడు. అప్పట్నుంచి చుక్కడు గడ్డి ముట్టడు, లేచి నిలబడడు. ఏరువాకకి ఇంక వారమే ఉంది. "అప్పటికి లేవకపోతే సంతకి తోలెయ్యడమే" అని కామందు అనడం తెల్లమ్మ చెవులారా విన్నది.

సందు దొరికితే చాలు కదా నక్క జోగయ్యకి! నొసట విభూతి, మెళ్ళో ఎముకల దండ వేసుకుని పట్టపగలే దిగాడు.

"కర్రెడు దయ్యమై పట్టాడు వీణ్ణి! వాగవతల పాడు కొట్టంలో ఏడు రోజులు కట్టెయ్యండి. మేత పెట్టొద్దు, మిరపకాయల పొగ పెట్టండి. నా దక్షిణ రోజుకో కోడి."

కోళ్ళు గొల్లుమన్నాయి. మిగతావాళ్ళు తలలూపారు. చెప్పేవాడికి వినేవాడు లోకువ మరి! సింహాచలం అప్పుడే పలుపు కోసం లేచాడు కూడా.

ఇప్పటికే తిండి మానేసినవాణ్ణి ఏడు రోజులు పస్తు పెడితే ఇంకేముంటుంది? తెల్లమ్మకి ఒళ్ళు మండిపోయింది. అయినా వినయంగా దండం పెట్టింది.

"స్వామీ, దయ్యం పట్టిందని ఎలా తెలుస్తుంది?"

"నాలుగు గుర్తులు! తిండి మానడం, నిద్ర లేకపోవడం, ఒంటరిగా కూర్చోవడం, ఊరికే ఏడవడం."

"ఇవి ఎవరికున్నా ఈ వైద్యమేనా?"

"మా అమ్మకున్నా ఇదే వైద్యం!"

తెల్లమ్మ అందరివైపూ తిరిగింది. "మనలో ఈ నాలుగూ ఎప్పుడైనా వచ్చినవాళ్ళున్నారా?"

ఎవరెవరికి వచ్చాయో తెల్లమ్మకి తెలుసు. కానీ చెవిలో చెప్పిన మాట నలుగురిలో ఎలా అంటుంది? ఒంటికాలి మీద నిలబడి ఎదురుచూసింది.

"నాకు వచ్చాయి" అంది నల్లమ్మ, ఎప్పుడూ లేనంత చిన్న గొంతుతో. "దూడ పోయినప్పుడు. నెల రోజులు."

"నాకూనూ" అన్నాడు సింహాచలం, పలుపు కింద పడేసి.

"నాకు ఇప్పటికీ ఉన్నాయి" అంది ఒక కోడి.

జోగయ్య నోట్లో నీళ్ళూరాయి. "అయితే అందరికీ దయ్యమే! దక్షిణ కూడా అందరి తరఫునా!"

"ఉండండి స్వామీ" అంది తెల్లమ్మ. "రోజూ ఆ గుట్ట మీద ఒంటరిగా కూర్చునేదెవరు? రాత్రంతా కునుకు లేకుండా ఊళలు పెట్టి ఏడ్చేదెవరు? కోళ్ళ గూటికి గడియ వేస్తే పస్తులుండేదెవరు?"

అందరి చూపులూ జోగయ్య మీదే పడ్డాయి.

"అయ్యో పాపం, స్వామినే పట్టిందే!" అంది నల్లమ్మ, పాత గొంతు తెచ్చుకుని. "సింహాచలం, పలుపు ఇలా తే! మిరపకాయలు నేను పట్టుకొస్తా!"

జోగయ్య ఒక్క గెంతు గెంతాడు. ఎముకల దండ తెగి కొట్టంలోనే పడింది. వాగు దాటేదాకా వెనక్కి చూస్తే ఒట్టు!

కొట్టమంతా నవ్వులే నవ్వులు. ఆ నవ్వుల్లో చుక్కడు తలెత్తాడు.

"నల్లమ్మక్కా, నిజంగా నీకూ ఇలాగే ఉండేదా?"

"ఉండేదిరా తమ్ముడూ."

చుక్కడు బావురుమన్నాడు. "లేస్తే కాడి కడతారక్కా. ఎడమపక్కకి చూస్తే వాడుండడు. ఎలా లేవను?"

తెల్లమ్మ ఎగిరొచ్చి అతని ఎడమ మూపు మీద వాలింది. "ఎడమపక్కకి చూసినప్పుడల్లా నేనుంటా. వాడి కబుర్లు చెబుదువుగాని, లే."

ఆ పూట చుక్కడు గడ్డిపరకలు నాలుగు నమిలాడు. మర్నాడు సంఘం వైద్యుడు, ముసలి మేకపోతు, వచ్చి చూసి వెళ్ళాడు. వారం తిరక్కుండానే చుక్కడు చిన్న గడ్డిమోపు ఖాళీ చేశాడు. ఏరువాకనాడు కొత్త జతగాడితో కాడి కట్టించుకున్నాడు, మూపు మీద కొంగతో సహా. కళ్ళు చెమర్చాయి, కాళ్ళు మాత్రం నడిచాయి.

ఆ ఆదివారం వాగు గట్టు మీద చోటు చాల్లేదు. అవతలి పొదలో ఎర్రటి తోక ఒకటి అటూ ఇటూ కదిలింది.

"రావయ్యా జోగయ్యా!" అని కేకేసింది తెల్లమ్మ. "నీ ఊళ ఏమిటో విందాం. దక్షిణ అక్కర్లేదు. కోళ్ళకి మాత్రం దూరంగా కూర్చో!"

నీతి: దిగులు దాచుకుంటే దయ్యమంత అవుతుంది, నలుగురితో చెప్పుకుంటే సగమవుతుంది.